మొదటి నాలుగంకెలూ చూసుకోండి

గత నెల మా పాత డిస్ట్రిబ్యూటర్ గారు ఫోన్ చేసి, కొత్తగా చేరిన సేల్స్ వాళ్లకి అనుభవం ఉన్నవాళ్లు నాలుగు మాటలు చెబితే బాగుంటుంది, రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. తిరువూరు బస్టాండ్ దగ్గర మేడ మీద గది, పాతిక కుర్చీలు, ఏసీ. నేను సువార్తమ్మ సంగతి ఎత్తుకుని రెండు నిమిషాలు కాలేదు, విజయవాడ నుంచి వచ్చిన కంపెనీ మేనేజర్ లేచి, కాస్త పాజిటివ్‌గా చెప్పండి మస్తాన్ గారూ, వీళ్లింకా పనిలో దిగలేదు, అన్నాడు. దిగాక చెబితే ఏం లాభం? మైకు బల్ల మీద పెట్టి మెట్లు దిగి వచ్చేశాను. అక్కడ చెప్పనివ్వని మాట ఇక్కడ రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. చల్లబడ్డాక రాద్దామని ఇన్నేళ్లు ఆగాను, చల్లబడలేదు.

నేను షేక్ మస్తాన్‌ని. తిరువూరు, గంపలగూడెం, రెడ్డిగూడెం వైపు ఊళ్లలో ఇరవై ఏళ్లకు పైగా సిమ్ములూ రీచార్జీలూ అమ్మాను. ఒకే కంపెనీ, ఒకే బ్యాగు, మూడు బళ్లు మార్చాను. సిమ్ముల మస్తాన్ అంటే ఇప్పటికీ ఆ ఊళ్లలో మంచినీళ్లిస్తారు. ఒక్క ఇంట్లో మాత్రం ఇచ్చినా తాగడానికి నాకు మొహం చెల్లదు. ఆ ఇంటి సంగతే ఇది.

ఈ పని అసలు ఏమిటి

మీ కాగితం మీద సేల్స్ ఎగ్జిక్యూటివ్ అని రాసి ఉంటుంది. అది నమ్మకండి. మీ పని మాట ఇచ్చి రావడం. ప్లాను తయారుచేసినవాడు ఏ గుమ్మం ముందుకీ రాడు. నిబంధనలు రాసినవాడి మొహం ఎవరూ చూడరు. వచ్చేది మీరు. వాళ్లకి కంపెనీ అంటే మీరే. కంపెనీ ఎప్పుడు కావాలంటే అప్పుడు మాట మార్చుకుంటుంది, మార్చుకుని కింద సన్న అక్షరాల్లో ఒక ముక్క వేసి చేతులు దులుపుకుంటుంది. మార్చిన సంగతి ఆ గుమ్మాలకి ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పమనరు. అమ్మిన దానికి టార్గెట్ ఉంటుంది గానీ, చెప్పిన దాన్ని సరిదిద్దడానికి టార్గెట్ ఉండదు. నా కోపమంతా అక్కడే, నా మీద ఉన్నదానితో సహా.

ఆ ఫ్రీకి విలువ ఎంత

ఇప్పుడు ఏ నెట్‌వర్కుకి చేసినా ఒకటే కాబట్టి మీకు ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. అప్పట్లో డబ్బులు తెగుతాయని ఫోన్ చేయాలంటే భయం. మిస్డ్ కాల్ ఇచ్చి బతికేవాళ్లు. ఒక రింగయితే బయల్దేరానని, రెండయితే చేరానని. అలాంటి రోజుల్లో మా కంపెనీ ఒక చిన్న ప్యాకు తెచ్చింది. నెలకి ఒకసారి అది వేయించుకుంటే మన నెట్‌వర్కు నుంచి మన నెట్‌వర్కుకి ఎంతసేపు మాట్లాడినా ఫ్రీ. బయటి నెట్‌వర్కుకి చేస్తే మాత్రం మామూలు బ్యాలెన్సులోంచి తెగుతుంది.

చాలామంది సేల్స్ వాళ్లు ఫ్రీ ఫ్రీ అని అరిచి అమ్మారు. నేను అలా అమ్మలేదు, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నేను ముందు ఫోన్ చూపించమనేవాణ్ణి. చేసిన కాల్స్ పైకి జరుపుతూ, వీళ్లెవరు, వీళ్లెవరు అని అడిగేవాణ్ణి. పది కాల్స్‌లో ఎనిమిది ఎప్పుడూ అదే ఐదారుగురికి ఉంటాయి. ఆ ఐదారుగురూ ఒకే నెట్‌వర్కులో ఉంటేనే ఫ్రీకి విలువ. లేకపోతే అది ఉత్త కాగితం. కాబట్టి మనిషికి కాదు, గుంపుకి అమ్మాలి. ఇది నేను కనిపెట్టుకున్న పద్ధతి, ఇప్పటికీ సరైన పద్ధతే అంటాను.

సువార్తమ్మ అలా దొరికింది. తిరువూరు పక్కనే కాలనీలో ఉండేది. ఆడకూలీల ముఠాకి మేస్త్రి. ఆమె కింద పంతొమ్మిది మంది. మామిడి కోతలప్పుడు రెడ్డిగూడెం తోటల్లో కాయ ఏరడం, సైజులు వేరుచేసి పెట్టెలకెత్తడం. పత్తి కాలంలో పత్తి తీయడం. సాయంత్రం రైతు ఫోన్ చేసి రేపు పదిహేను మంది కావాలంటాడు. ఆమె అప్పటికప్పుడు పదిహేను మందికి చెప్పి, రైతుకి తిరిగి చెప్పాలి. ఆలస్యమయితే అతను వేరే ముఠాని పిలుస్తాడు. అంతకుముందు కాళ్లరిగేలా ఇంటింటికీ తిరిగేది. నేను ఇరవై మందినీ ఒక్క రోజులో మా నెట్‌వర్కులోకి తెచ్చాను. ఆ వారంలోనే ఆమె నాతో, తమ్ముడూ, ఈ వయసులో నా మోకాళ్లు మిగిల్చావు, అంది. నా ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే. తర్వాత దాన్ని నేనే పాడుచేసుకున్నాను.

నేను నేర్పిన పాఠం

సువార్తమ్మకి చదువు రాదు. నంబర్లు కోడలు నొక్కి ఇచ్చేది. ఆ అమ్మాయి పేరు దీవెన. నెమలి అనే ఊరి అమ్మాయి, ఇంటర్ దాకా చదివింది, అప్పటికి పెళ్లయి ఏడాది. కొడుకు ఆనంద్ ఆటో నడిపేవాడు. ఇంట్లో ఉన్న ఫోన్ ఒక్కటే, గోడ గూట్లో ఉండేది. ఆనంద్ ఫోన్ ఆనంద్ జేబులో ఉండేది, అది వేరే సంగతి.

ఏ నంబరు మనది, ఏది బయటిది అని ఎలా తెలుస్తుందండీ, అని దీవెన అడిగింది. ఎవరూ అడగని ప్రశ్న అడిగిందని ముచ్చటేసింది. మొదటి నాలుగంకెలూ చూసుకోమ్మా, ఇవి ఉంటే మనవే, కళ్లు మూసుకుని చేసుకో, అన్నాను. ఆ అంకెలు చెప్పాను. ఆ అమ్మాయి గోడమీద కాలెండర్ మార్జిన్లో నీలం పెన్నుతో రాసుకుంది. అప్పటికి అది నూటికి నూరుపాళ్లు నిజం. ఊరూరా అదే చెప్పాను. కొట్లలో అట్టముక్క మీద రాసి వేలాడదీశాను.

రెండేళ్లు తిరక్కుండా పోర్టింగ్ వచ్చింది. అంటే నంబరు అదే ఉంచుకుని కంపెనీ మార్చుకోవచ్చు. ఆ రోజు నుంచి మొదటి నాలుగంకెలకి ఏ అర్థమూ లేదు. మనదిలా కనిపించే నంబరు బయటిదై ఉండొచ్చు, చేస్తే డబ్బులు తెగుతాయి, చేసేవాడికి ఏమీ తెలియదు. విజయవాడలో ట్రైనింగ్ పెట్టి ఈ ముక్క మాకు శుభ్రంగా చెప్పారు. ఒకాయన లేచి, మరి పాత కస్టమర్లకి చెప్పాలా సార్ అని అడిగాడు. మా ఏరియా మేనేజర్ నవ్వి, అడిగితే చెప్పండి, అన్నాడు. గదిలో అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఎవరైనా తెలియని దాని గురించి ఎలా అడుగుతారు? ఆ ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదని చెబితే అబద్ధం. తట్టింది. భోజనాల టైమయింది, ఊరుకున్నాను.

ఇచ్చిన పాఠం వెనక్కి తీసుకోవడం కూడా పనే. నేను కొట్లలో అట్టముక్కలయినా పీకలేదు.

నేర్పిన జవాబు

మామిడి కోతలు మొదలయిన పది రోజులకి సువార్తమ్మ తిరువూరులో నేను కూర్చునే మా కంపెనీ కొట్టుకి వచ్చింది. బ్యాలెన్సు నిలవడం లేదు తమ్ముడూ, అంది. ఈ చేత్తో వేయిస్తే ఆ చేత్తో అయిపోతోందట. బయటికి చేసేది రైతులకి మాత్రమే, రోజుకి ఒకటో రెండో. ముందురోజు బ్యాలెన్సు అయిపోయి రైతుకి తిరిగి చెప్పలేకపోయింది, అతను ఇంకో ముఠాని పిలిపించుకున్నాడు. పదిహేను మందికి ఒక రోజు పని పోయింది.

ముఠాలో ఎవరో కంపెనీ మారి ఉంటారని నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఎదురు కంపెనీ వాళ్లు అప్పుడే కాలనీలో బల్ల వేసుకుని, మారినవాళ్లకి స్టీలు డబ్బాలు పంచుతున్నారు. ఆ మాట ఆమెకి చెబితే ఏమవుతుంది? నువ్వు ఫ్రీ అన్నావు కదా అంటుంది, ఇంకో పదిమంది వస్తారు, ప్యాకు అమ్మకాలు పడిపోతాయి, నెలాఖరు దగ్గర పడింది. మాకు ఇలాంటి ఫిర్యాదులకి ఒక జవాబు నేర్పి ఉంచారు. నోటికొచ్చిన పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను.

"నెట్‌వర్కులో తప్పేం లేదక్కా. ఫోన్ ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారేమో చూసుకోండి."

ఈ వాక్యం మీకూ నేర్పుతారు. ఏ ట్రైనింగులో నేర్పినా ఇదే ఉంటుంది. ఎంత తెలివయిన వాక్యమో చూడండి. ఎవరి పేరూ చెప్పదు, ఎవరి మీదా నింద వేయదు. కంపెనీ మెడలోంచి తీసి ఆ బరువుని ఎవరి మెడలో పడితే వాళ్ల మెడలో పడేస్తుంది. ఇల్లంటే ఎవరుంటారో రాసినవాడికి తెలియదా? కొడుకు ఫోన్ కొడుక్కి ఉంది. అత్తకి నంబరు నొక్కడం రాదు. మిగిలింది ఎవరు? ఇది రాసినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. చూస్తే ఏం చేసేవాణ్ణో తెలియదు గానీ, నమస్కారం మాత్రం పెట్టను.

దీవెన కొట్టుకి వచ్చింది

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం, ఎండలో నడిచి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, కౌంటరు బయటే నిలబడింది. ఇంట్లో ఏం జరుగుతోందో నాలుగు ముక్కల్లో చెప్పింది. మొదట అత్త అడిగింది, పుట్టింటికి చేస్తున్నావా అని. లేదంది. తర్వాత ఆనంద్ అడిగాడు, పుట్టింటికి కాకపోతే ఎవరికి అని. ఆ ప్రశ్న అడిగిన తీరు ఆ అమ్మాయి చెప్పలేదు, నేనూ అడగలేదు. చేసిన నంబర్లన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా అని చూపిస్తే, చెరిపేసి ఉంటావులే అన్నాడట.

"మీరు చెప్పినట్టే నాలుగంకెలూ చూసుకునే చేస్తున్నానండి. ఒక్కసారి ఇంటికొచ్చి ఆ మాట వాళ్లకి చెప్పండి. మీరు చెబితే వింటారు."

ఆదివారం వస్తాలే అమ్మా, అన్నాను. ఆ అమ్మాయి తలూపి వెళ్లింది. సాయంత్రం మేనేజర్‌కి ఫోన్ చేశాను. సువార్తమ్మ పేరు మీద కాల్ లిస్టు తెప్పించండి సార్, అందులో ఏ నంబరుకి ఎంత తెగిందో ఉంటుంది, ఒక కాపురం పోయేలా ఉంది, అన్నాను. ఒక్కరికి ఇస్తే రేపు ఊరంతా వస్తుంది, ఇలాంటివి మనం నెత్తిన వేసుకోకూడదు, నెలాఖరు చూసుకో, అన్నాడు. సరే సార్ అన్నాను. ఆదివారం వచ్చింది, వెళ్లలేదు. ఏం చెప్పాలో తెలియక కాదు. చెబితే నేను మొదట చెప్పింది తప్పని ఒప్పుకోవాలి, రెండోసారి చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనుషుల ముందు. బుధవారం ఆటో స్టాండులో తెలిసింది, ఆనంద్ పెళ్లాన్ని నెమలిలో దింపి వచ్చేశాడని. అక్కడివాళ్లు దానికి ఇంకో నాలుగు మాటలు కలిపి చెప్పుకుంటున్నారు. ఎవడో కుర్రాడట, ఎవరో చూశారట. లేని కుర్రాడికి ఊరూ పేరూ కూడా పెట్టారు.

నాకు కోపమొచ్చింది. వాళ్ల మీదే అనుకున్నాను ముందు.

అరగంట పని

అక్కడి నుంచే బండి తిప్పి సువార్తమ్మ ఇంటికి వెళ్లాను. ఆనంద్‌ని కూడా కూర్చోమన్నాను. ఫోన్లో బ్యాలెన్సు వేశాను. ముఠాలో ఒక్కొక్కరికీ కాల్ చేయడం, ఎత్తగానే ఒక నిమిషం మాట్లాడి పెట్టేయడం, వెంటనే బ్యాలెన్సు చూడటం. పని ఇంతే. లిస్టు అక్కర్లేదు, మేనేజర్ అక్కర్లేదు. ఒకటి, రెండు, మూడు, బ్యాలెన్సు కదల్లేదు. పదకొండో నంబరు చిట్టెమ్మది. పెట్టగానే బ్యాలెన్సు తెగింది. ఆనంద్ మళ్లీ చేయమన్నాడు, మళ్లీ తెగింది. పదహారోది కూడా. పంతొమ్మిదీ అయ్యేసరికి అరగంట పట్టింది. ఈ అరగంట నేను మొదటి రోజే కొట్లో కూర్చుని పెట్టొచ్చు.

చిట్టెమ్మని పిలిపించాం. స్టీలు డబ్బా ఇచ్చారని మారానంది. మేస్త్రికి ఎందుకు చెప్పలేదంటే ఆశ్చర్యపోయి, నంబరు మారలేదు కదన్నా, అంది. ఆమె తప్పేముంది? ఫ్రీ అనేది నంబరులో ఉంటుందని వాళ్లందరికీ నేర్పింది నేను. ఇప్పుడే వెనక్కి వచ్చేస్తానంది పాపం. మారిన మూడు నెలలదాకా మళ్లీ మారడానికి లేదు, అప్పటికి మామిడి అయిపోతుంది. ఈ సంగతి తర్వాత మేనేజర్‌కి చెబితే, మూడు నెలలకి మనవైపు రెండు పోర్టింగులు ఖాయమన్నమాట, రాసి పెట్టుకో, అన్నాడు.

సువార్తమ్మ మెల్లగా అడిగింది.

"ఇంట్లో ఎవరో వాడుతున్నారని నువ్వే అన్నావు కదా తమ్ముడూ?"

"అలా చెప్పమన్నారక్కా."

"నీకు తెలిసే అన్నావా?"

తెలిసే అన్నానక్కా, అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. లేచి లోపలికెళ్లి, చీర మార్చుకుని వచ్చి, ఆటో తియ్యమని కొడుక్కి చెప్పింది. నన్ను కూడా ఎక్కమంది. నువ్వే చెప్పాలి, అంది.

మధ్యలో ఒక మాట

ఇప్పుడు అన్నీ ఫ్రీయే కదా, పాత గొడవ ఎందుకని మీకనిపించొచ్చు. ఏది ఫ్రీ? అప్పుడు సువార్తమ్మకి అక్కర్లేనిది ఆమె కొనేది కాదు. ఇప్పుడు వీడియోలు చూడని ముసలమ్మ కూడా నెట్ కలిపిన ప్యాకే కొనాలి. ఇరవై ఎనిమిది రోజులకి నెల అని పేరు పెట్టారు. కట్టకపోతే మొదట చేసే కాల్ ఆగుతుంది, తర్వాత వచ్చే కాల్ కూడా ఆగుతుంది. కూతురు ఫోన్ చేస్తే అందదు. ఆ ముసలమ్మ మీ దగ్గరకొచ్చి, ఫోన్లెందుకు రావడం లేదని అడిగితే మీకు ఒక జవాబు నేర్పి ఉంచుతారు. ఆ జవాబు ఎవరి మెడలో పడుతుందో చూసి మరీ నోరు విప్పండి. ఆ పాత ప్యాకు చెడ్డదేమీ కాదు. ఇరవై మంది ఆడవాళ్లకి రోజూ పని దొరకడానికి ఉపయోగపడింది. దాన్ని విషం చేసింది దాచిన ముక్క, ఆ ముక్క దాచినవాళ్లలో నేనొకణ్ణి.

నెమలి

మేం వెళ్లేసరికి దీవెన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వాళ్ల నాన్న కుర్చీ వేశాడు. నేను నిలబడే చెప్పాను. నాలుగంకెల సంగతి, పోర్టింగు సంగతి, తెలిసీ నేను అన్న మాట, ఆదివారం రాకపోవడం. ఏదీ దాచలేదు. సువార్తమ్మ కోడలి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆనంద్ తల వంచుకుని, తప్పయిపోయింది, పద పోదాం, అన్నాడు. దీవెన ఏడవలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

నేను చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు, ఫోన్ చెబితే నమ్మారు, అంది భర్తతో. మిగిలిన బట్టలు కూడా ఆరేసి, అప్పుడు వస్తానంది. వచ్చే ముందు నా వైపు తిరిగింది.

"నాకొక సిమ్ము ఇప్పించండి. నా పేరు మీద. మీ కంపెనీది వద్దు. ఇంట్లో వాళ్లది ఏదయితే అది కాకుండా చూడండి."

అలా అయితే అత్తయ్యకి చేసినా, ఆనంద్‌కి చేసినా డబ్బులు తెగుతాయమ్మా, అనేశాను. ఇన్నేళ్ల అలవాటు, నోరు ఆగదు కదా.

"తెగనివ్వండి. ఊరికే వచ్చినదానికయితే ఎవరికి చేశావని అందరూ అడుగుతారు. నా డబ్బులు తెగితే నేనే చూసుకుంటాను."

ఇరవై ఏళ్లు నేను అమ్మిన సరుకుకి ఇంతకంటే సరిగ్గా వెల కట్టినవాళ్లు లేరు. మర్నాడు ఆ అమ్మాయిని మా కొట్టుకి ఎదురుగా ఉన్న వేరే కంపెనీ కొట్టుకి తీసుకెళ్లాను. మా కొట్లో కుర్రాళ్లు గుమ్మంలోంచి చూస్తున్నారు. కొట్టతను నన్ను గుర్తుపట్టి నవ్వి, మీ ఇంట్లో వాళ్లు ఏ నెట్‌వర్కమ్మా, అదే తీసుకుంటే మీకు ఫ్రీ కదా, అని దీవెనకి చెప్పబోయాడు. వద్దండి, ఇదే ఇవ్వండి, అంది. ఫారం తనే నింపింది, సంతకం చేసింది. డబ్బులు నేనిస్తానని జేబులో చేయి పెట్టాను. ఆ అమ్మాయి అప్పటికే తన డబ్బు కౌంటరు మీద పెట్టేసింది.